నానో వేవ్‌గైడ్‌లలో కాంతి ధ్రువణాన్ని అదుపు చేయడం: టేపర్‌లో టీఎం మోడ్ ఎక్కడికి పోతోంది?

ప్రశ్న: కాంతిపథం

అందరికీ నమస్కారం. నేను సిలికాన్ ఫోటానిక్స్‌లో ఈమధ్యే పరిశోధన మొదలుపెట్టాను. ధ్రువణం (కాంతి విద్యుత్ క్షేత్రం ఊగే దిశ) గురించి తరగతిలో నేర్చుకున్నదంతా పోలరైజర్లు, స్ఫటికాలు, క్వార్టర్ వేవ్ ప్లేట్‌ల చుట్టూ తిరిగింది. అదే పరిజ్ఞానాన్ని వెంట్రుక మందంలో వందో వంతైనా లేని సిలికాన్ వేవ్‌గైడ్‌కు, అంటే కాంతిని నడిపే తీగకు, అన్వయించబోతే మూడు చోట్ల ఆగిపోయాను. మూడూ ఒకదానితో ఒకటి ముడిపడినవే కాబట్టి కలిపే అడుగుతున్నాను.

మా చిప్‌లో సిలికాన్ పొర మందం 220 నానోమీటర్లు, వేవ్‌గైడ్ వెడల్పు 450 నానోమీటర్లు. కిందా పైనా సిలికా ఉంది. 20 మైక్రాన్ల వ్యాసార్ధం ఉన్న రింగ్ రెజొనేటర్‌ను, అంటే తనకు సరిపోలిన తరంగదైర్ఘ్యాలను లాగేసుకుని స్పెక్ట్రమ్‌లో పల్లాలు మిగిల్చే వలయాన్ని, 1550 నానోమీటర్ల పరిసరాలలో కొలుస్తున్నాను. లేజర్ కాంతి మామూలు సింగిల్ మోడ్ ఫైబర్ ద్వారా చిప్ అంచు నుంచి లోపలికి వెళుతుంది. స్పెక్ట్రమ్‌లో పల్లాలు ఒకే వరుసగా రావాలని అనుకున్నాను గానీ రెండు వరుసలు వస్తున్నాయి. మొదటి వరుసలో పల్లాలు సన్నగా, సుమారు 4.4 నానోమీటర్ల ఎడంతో ఉన్నాయి. రెండో వరుసలోవి వెడల్పుగా, మరో ఎడంతో ఉన్నాయి. బల్ల మీద ఫైబర్‌ను కొంచెం జరిపితే చాలు, ఒక వరుస లోతు తగ్గి మరొకటి లోతు పెరుగుతోంది. చిప్ లోపల ధ్రువణం తిరిగిపోతోందా?

రెండవది సిమ్యులేషన్‌కు సంబంధించినది. వేవ్‌గైడ్ వెడల్పును 450 నుంచి 850 నానోమీటర్ల వరకు మెల్లగా పెంచే టేపర్‌లోకి టీఎం ప్రాథమిక మోడ్‌ను పంపాను (మోడ్ అంటే వేవ్‌గైడ్‌లో ఆకారం మారకుండా సాగే క్షేత్ర రూపం; విద్యుత్ క్షేత్రం ముఖ్యంగా టీఎంలో చిప్ తలానికి లంబంగా, టీఈలో సమాంతరంగా ఉంటుంది). పైపొరగా గాలి ఉన్నప్పుడు, అవతలి చివర టీఎం దాదాపు కనిపించకుండా పోయి, దాని స్థానంలో టీఈ రెండో మోడ్, అంటే మధ్యలో గుర్తు మారే మోడ్, వచ్చింది. మార్పు 680 నానోమీటర్ల వెడల్పు దగ్గర జరుగుతోంది. అదే టేపర్‌కు పైపొరగా సిలికా పెడితే టీఎం టీఎంగానే బయటికి వస్తోంది. మెష్ (లెక్క కోసం గీసే గళ్ల వల) లోపమేమోనని దాన్ని మరింత సన్నం చేసి చూసినా ఫలితం మారలేదు. ఇది నిజంగా జరిగేదేనా?

మూడవది: అడ్డుకోతను చతురస్రంగా తీసుకుంటే రెండు ధ్రువణాలకూ ఒకే వేగం వచ్చి ఈ గొడవంతా తప్పిపోదా? అందరూ దీర్ఘచతురస్రాన్నే ఎందుకు పట్టుకున్నారు?

జవాబు: అనునాదం

కాంతిపథం గారూ, మీకు కనిపిస్తున్న రెండు వరుసలు రెండు ధ్రువణాలవి. సన్నని వరుస టీఈ మోడ్‌ది, అంటే విద్యుత్ క్షేత్రం ముఖ్యంగా చిప్ తలానికి సమాంతరంగా ఉన్నది. వెడల్పు వరుస టీఎంది. దీన్ని లెక్కతో సరిచూసుకోవచ్చు. పల్లాల మధ్య ఎడం అంటే తరంగదైర్ఘ్య వర్గాన్ని గ్రూప్ ఇండెక్స్ (కాంతి స్పందనం శూన్యంలో కన్నా ఎన్ని రెట్లు నెమ్మదిగా సాగుతుందో చెప్పే సంఖ్య), రింగ్ చుట్టుకొలతల లబ్ధంతో భాగిస్తే వచ్చేది. మీ చుట్టుకొలత 125.7 మైక్రాన్లు, ఈ కొలతల సిలికాన్ వేవ్‌గైడ్‌లో టీఈ గ్రూప్ ఇండెక్స్ సుమారు 4.3. భాగిస్తే 4.4 నానోమీటర్లు వస్తుంది. టీఎం గ్రూప్ ఇండెక్స్ వేరు కాబట్టి దాని ఎడమూ వేరుగా ఉంటుంది. టీఎం క్షేత్రం సిలికాన్ బయటికి ఎక్కువగా వ్యాపిస్తుంది. అందువల్ల రింగుకు, పక్కనున్న వేవ్‌గైడ్‌కు మధ్య ఖాళీని అది సులభంగా దాటుతుంది, వంపుల దగ్గర కొంత బయటికి కారిపోతుంది కూడా. పల్లాలు వెడల్పుగా ఉండటానికి ఈ రెండే కారణాలు.

చిప్ లోపల ధ్రువణం తిరుగుతోందా అన్న మీ ప్రశ్నకు నా సమాధానం: లేదు, తిరుగుతున్నది ఫైబర్‌లోనే. దీనికి కారణం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నానో వేవ్‌గైడ్‌కూ ఫైబర్‌కూ అసలు తేడా ఇక్కడే ఉంది.

సిలికాన్ వక్రీభవన గుణకం 1550 నానోమీటర్ల దగ్గర సుమారు 3.48, సిలికాది 1.44. విద్యుత్ క్షేత్రం సరిహద్దుకు లంబంగా ఉంటే, సరిహద్దు దాటగానే ఈ రెండు గుణకాల నిష్పత్తి వర్గమంత, అంటే దాదాపు 5.8 రెట్లు, ఎగురుతుంది. సమాంతరంగా ఉంటే ఎగరదు. టీఈలో ఈ ఎగుడు పక్కగోడల దగ్గర, టీఎంలో పైనా కిందా కనిపిస్తుంది. మందం 220 మాత్రమే కాబట్టి టీఎం క్షేత్రంలో పెద్ద భాగం సిలికాలోకి నెట్టబడుతుంది. ఫలితంగా మీ వేవ్‌గైడ్‌లో టీఈ ఎఫెక్టివ్ ఇండెక్స్ (ఆ మోడ్ మొత్తానికి వర్తించే వక్రీభవన గుణకం) సుమారు 2.35 అయితే టీఎంది 1.7 దగ్గర ఉంటుంది. తేడా 0.65. తరంగదైర్ఘ్యాన్ని ఈ తేడాతో భాగిస్తే 2.4 మైక్రాన్లు వస్తుంది. రెండు ధ్రువణాల మధ్య దశాభేదం ప్రతి 2.4 మైక్రాన్లకూ ఒక పూర్తి చుట్టు తిరుగుతుందన్నమాట. ధ్రువణాన్ని కాపాడేందుకే ప్రత్యేకంగా తయారుచేసే పీఎం ఫైబర్‌లో ఇదే దూరం కొన్ని మిల్లీమీటర్లు ఉంటుంది. మామూలు ఫైబర్‌లో మీటర్ల లెక్కన ఉంటుంది.

టీఈ నుంచి టీఎంలోకి కాంతి చేరాలంటే, రెంటినీ కలిపే లోపం ఏదో ఒకటి ఈ 2.4 మైక్రాన్ల లయకు సరిపోయేలా మళ్లీ మళ్లీ రావాలి. నిటారుగా, ఒకే వెడల్పుతో సాగే వేవ్‌గైడ్‌లో అటువంటిది ఉండదు. కాబట్టి లోపలికి టీఈగా వెళ్లిన కాంతి టీఈగానే ఉంటుంది. మామూలు ఫైబర్‌లో మాత్రం రెండు ధ్రువణాల వేగాలు దాదాపు సమానం కాబట్టి, చేత్తో వంచినప్పుడు పుట్టే కొద్దిపాటి ఒత్తిడే వాటిని కలిపేస్తుంది. మీరు ఫైబర్‌ను జరిపినప్పుడు మారుతున్నది చిప్ ద్వారం దగ్గర టీఈ, టీఎంలకు దక్కే వాటాలు మాత్రమే.

పరిష్కారంగా పీఎం ఫైబర్ వాడండి. అయితే దాని అక్షాన్ని చిప్ తలంతో కచ్చితంగా కలపాలి. కోణంలో 5 డిగ్రీల తేడా ఉంటే 0.76 శాతం కాంతి, అంటే ప్రధాన ధ్రువణం కన్నా సుమారు 21 డెసిబెల్‌లు తక్కువగా, టీఎంలోకి పోతుంది. 1 డిగ్రీకి తగ్గిస్తే అది 35 డెసిబెల్‌ల దిగువకు చేరుతుంది. కొలతకు ముందు ఈ కోణం మీద గడిపే సమయం వృథా కాదు. దానికి తోడు రింగుకు ముందు చిన్న వ్యాసార్ధపు వంపులు కొన్ని వరుసగా పెడితే, మిగిలిన టీఎం అక్కడే బయటికి కారిపోతుంది, టీఈకి పెద్దగా నష్టం ఉండదు.

ఇక చతురస్రం సంగతి. సూత్రరీత్యా మీరన్నది నిజమే. కానీ ఎంత కచ్చితమైన చతురస్రం కావాలో చూడండి. రెండు ధ్రువణాల రింగ్ పల్లాలు 0.1 నానోమీటరు లోపల కలిసి ఉండాలని కోరుకుందాం. 100 గిగాహెర్ట్జ్ చానెళ్ల మధ్య దూరమే 0.8 నానోమీటర్లు కాబట్టి ఇది అత్యాశేమీ కాదు. అందుకు ఎఫెక్టివ్ ఇండెక్స్ తేడా సుమారు 0.00027ను మించకూడదు. సిలికాన్ వేవ్‌గైడ్ వెడల్పు 1 నానోమీటరు మారితే పల్లం సుమారు 1 నానోమీటరు జరుగుతుందని అందరికీ అనుభవమే. అంటే వెడల్పును మందంతో 0.1 నానోమీటరు స్థాయిలో సరితూచాలి. సిలికాన్ స్ఫటికపు ఘనాకార కణం భుజమే 0.543 నానోమీటర్లు. పరమాణువుల వరుస కన్నా నున్నగా చెక్కమని ఏ ఫౌండ్రీని (చిప్‌లు తయారుచేసే కర్మాగారాన్ని) అడుగుతాం?

అందుకే ఈ రంగం వేరే దారి పట్టింది. రెండు ధ్రువణాలనూ ఒకే తీగలో సమానంగా నడపడానికి ప్రయత్నించకుండా, చిప్ ద్వారం దగ్గరే విడదీసి, ఒకదాన్ని 90 డిగ్రీలు తిప్పి, ఆపైన రెండింటినీ టీఈగానే రెండు వేరువేరు వేవ్‌గైడ్‌లలో నడపడం ఆ దారి. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం 2003లో చూపిన ద్విపరిమాణ గ్రేటింగ్ కప్లర్, అంటే చిప్ ఉపరితలం మీది చిన్న గుంటల వరుసలతో ఫైబర్ కాంతిని లోపలికి మళ్లించేది, విడదీయడాన్ని, తిప్పడాన్ని ఒకే దెబ్బకు చేస్తుంది. ఫైబర్‌లోని రెండు లంబ ధ్రువణాలూ రెండు దిశలలోని వేవ్‌గైడ్‌లలోకి టీఈగా చేరతాయి. అమెరికాలోని ఎంఐటీ బృందం 2007లో ఈ విడదీసి తిప్పే పద్ధతితోనే ధ్రువణంతో నిమిత్తం లేకుండా పనిచేసే రింగ్ ఫిల్టర్‌ను నిర్మించి చూపింది. నా దృష్టిలో నానో స్థాయిలో ధ్రువణ నియంత్రణ అంటే ముందుగా ఇదే: ధ్రువణాన్ని దారిగా మార్చుకోవడం.

టేపర్ ప్రశ్నను సిలికాన్‌తీగ గారికి వదిలేస్తున్నాను. అది వారి విషయం.

జవాబు: సిలికాన్‌తీగ

మీ సిమ్యులేషన్ చూపిస్తున్నది అక్షరాలా నిజం. మెష్ లోపం కాదు. 2011లో పరిశోధకులు డావోషిన్ దాయ్, జాన్ బవర్స్ ప్రతిపాదించిన ధ్రువణ విభాజకం, అంటే ధ్రువణాలను విడదీస్తూనే ఒకదాన్ని తిప్పే పరికరం, సరిగ్గా ఈ ప్రవర్తన మీదే ఆధారపడింది. మీరు దాన్ని స్వయంగా గమనించి కారణం అడగడం చాలా సంతోషాన్నిచ్చింది, ఎందుకంటే చాలామంది దాన్ని రెడీమేడ్ బ్లాకుగా లేఅవుట్‌లో పెట్టేసి ముందుకు వెళ్లిపోతారు.

దీన్ని సౌష్ఠవం ద్వారా చూస్తేనే స్పష్టమవుతుంది. వేవ్‌గైడ్ అడ్డుకోతకు రెండు అద్దాలు ఊహించండి. ఒకటి నిలువుగా, ఎడమకుడి సగాలను వేరు చేసేది. రెండోది అడ్డంగా, పైకింది సగాలను వేరు చేసేది. ప్రతి మోడ్ క్షేత్రాన్నీ ఒక్కో అద్దంలో ప్రతిబింబించి చూస్తే అది తనలాగే ఉండవచ్చు, లేదా మొత్తం గుర్తు మారవచ్చు. మొదటిదాన్ని సరి అనీ రెండోదాన్ని బేసి అనీ పిలుద్దాం. టీఈ ప్రాథమిక మోడ్‌లో క్షేత్రం అడ్డంగా ఉంటుంది, రెండు సగాలలోనూ ఒకే దిశలో ఉంటుంది. నిలువు అద్దం అడ్డ దిశను తిప్పేస్తుంది కాబట్టి ఆ అద్దానికి అది బేసి. అడ్డ అద్దానికి సరి. టీఎం ప్రాథమిక మోడ్‌లో క్షేత్రం నిలువుగా ఉంటుంది కాబట్టి నిలువు అద్దానికి సరి, అడ్డ అద్దానికి బేసి. టీఈ రెండో మోడ్‌లో ఎడమ సగం ఒక దిశలో, కుడి సగం ఎదురు దిశలో ఉంటాయి. నిలువు అద్దం దిశను తిప్పుతుంది, సగాలనూ మారుస్తుంది, రెండు మార్పులు కలిసి మళ్లీ మొదటికే వస్తాయి కాబట్టి అది నిలువు అద్దానికి సరి. అడ్డ అద్దానికీ సరే.

ఇప్పుడు పోల్చండి. టీఎం ప్రాథమిక మోడ్‌కూ టీఈ రెండో మోడ్‌కూ నిలువు అద్దం దగ్గర పేచీ లేదు. తేడా ఉన్నది అడ్డ అద్దం దగ్గర మాత్రమే. కిందా పైనా సిలికా ఉంటే ఆ అద్దం చెక్కుచెదరదు. రెండు మోడ్‌ల ఎఫెక్టివ్ ఇండెక్స్‌లు ఒకానొక వెడల్పు దగ్గర సమానమైనా ఒకదానినొకటి పట్టించుకోకుండా దాటిపోతాయి. పైన గాలి, కింద సిలికా ఉన్నప్పుడు అడ్డ అద్దం పగిలిపోతుంది. అప్పుడు రెండు మోడ్‌లూ కలవడానికి అడ్డు ఉండదు. ఇండెక్స్‌లు దగ్గరపడినప్పుడు గీతలు ఒకదానినొకటి ఖండించుకోకుండా వంగి తప్పుకుంటాయి. మీకు 680 దగ్గర కనిపించింది ఆ వంపే. అక్కడి మోడ్‌లను విడిగా గీసి చూడండి, వాటిని టీఈ అనో టీఎం అనో పిలవలేరు, రెండూ సగం సగం కలిసి ఉంటాయి. టేపర్ మెల్లగా సాగితే కాంతి తానున్న గీతను వదలదు. గీత స్వభావమే మారిపోతుంది కాబట్టి టీఎంగా ఎక్కినది టీఈ రెండో మోడ్‌గా దిగుతుంది. ఇందులో కాంతి నష్టపోయిందేమీ లేదు, వేషం మార్చుకుంది, అంతే.

ఎంత మెల్లగా అన్నదానికి కొలబద్ద ఉంది. గీతలు ఒకదానికొకటి అత్యంత దగ్గరగా వచ్చిన చోట వాటి మధ్య ఇండెక్స్ తేడా 0.05 అనుకుంటే, 1.55ను 0.05తో భాగించగా 31 మైక్రాన్లు వస్తుంది. ఆ ప్రాంతాన్ని దాటే పొడవు దీనికన్నా చిన్నదైతే కాంతి ఒక గీత మీది నుంచి మరో గీత మీదికి దూకేస్తుంది, మార్పిడి సగంలోనే ఆగుతుంది. మీ టేపర్‌లో 450 నుంచి 620 దాకా, 740 నుంచి 850 దాకా వేగంగా వెళ్లవచ్చు. మధ్యలోని 120 నానోమీటర్ల మార్పుకే పొడవంతా ఖర్చు పెట్టండి. సమానమైన వాలుతో ఒకే టేపర్ గీయడం కన్నా ఇది ఎంతో పొదుపు.

ఆ తరువాత టీఈ రెండో మోడ్‌ను పక్కనే సుమారు 400 నానోమీటర్ల వెడల్పున్న సన్నని వేవ్‌గైడ్‌లోకి కప్లర్ (కాంతి ఒకదాని నుంచి మరోదానికి దాటేలా రెండు వేవ్‌గైడ్‌లను దగ్గరగా నడిపే చోటు) ద్వారా లాగాలి. సన్నని దాని ప్రాథమిక మోడ్ ఇండెక్స్, వెడల్పైన దాని రెండో మోడ్ ఇండెక్స్‌తో సమానమయ్యేలా ఆ వెడల్పును ఎంచుకుంటారు. మొదటి నుంచీ టీఈ ప్రాథమిక మోడ్‌గా వచ్చిన కాంతికి అక్కడ ఇండెక్స్ సరిపోలదు కాబట్టి అది నేరుగా సాగిపోతుంది. అలా రెండు ధ్రువణాలూ రెండు వేవ్‌గైడ్‌లలో, రెండూ టీఈగానే, బయటికి వస్తాయి.

టీఈ ప్రాథమిక మోడ్ నుంచి టీఎం ప్రాథమిక మోడ్‌కు నేరుగా వెళ్లాలనుకుంటే పని కష్టమవుతుంది. వాటికి రెండు అద్దాల దగ్గరా తేడా ఉంది కాబట్టి రెండింటినీ పగలగొట్టాలి. ఒక మూలను సగం లోతు చెక్కి, అడ్డుకోతను ఎల్ ఆకారంలోకి తెచ్చే రొటేటర్లు చేసేది అదే. అవి చాలా పొట్టిగా ఉంటాయి, కానీ పొడవు, చెక్కిన లోతు, రెండు మాస్కుల (చెక్కాల్సిన ఆకారాన్ని చిప్ మీదికి దించే అచ్చుల) అమరిక అన్నీ కుదరాలి. మొదటిసారి చిప్ చేయించేవారికి నేను వాటిని సూచించను.

ఒక హెచ్చరిక. పైపొర సిలికా అయినంత మాత్రాన నిశ్చింతగా ఉండవద్దు. నిజమైన చిప్‌లో పక్కగోడలు కచ్చితంగా నిటారుగా ఉండవు, కొద్దిగా వాలుతాయి. అడుగు వెడల్పు, పై వెడల్పు వేరైతే అడ్డ అద్దం కొంత పగిలినట్టే. అందువల్ల సిలికా పైపొర ఉన్న టేపర్‌లో కూడా టీఎంలో కొంత భాగం టీఈ రెండో మోడ్‌గా మారి, తరువాతి సన్నని భాగంలో ఇమడలేక చెదిరిపోతుంది. టీఎంను నడిపే సర్క్యూట్ ఏదైనా ఆ వెడల్పును దాటుతోందా అని లేఅవుట్‌లో వెతికి చూసుకోవాలి.

జవాబు: పార్శ్వక్షేత్రం

పై జవాబులతో పూర్తిగా ఏకీభవిస్తూ ఒక్క విషయం జోడిస్తాను. టీఈ, టీఎం అన్నవి మొత్తం మోడ్‌కు పెట్టిన పేర్లు. మోడ్ లోపల ఒక బిందువు దగ్గర ధ్రువణం ఏమిటన్నది వేరే ప్రశ్న. కాంతిని ఇంత ఇరుకుగా బంధించినప్పుడు, ప్రయాణించే దిశలో కూడా విద్యుత్ క్షేత్రం పుడుతుంది. అది అడ్డ క్షేత్రం కన్నా పావు చక్రం వెనకో ముందో ఉంటుంది. పలకలాంటి వేవ్‌గైడ్‌ను తీసుకుని స్థూలంగా లెక్క వేస్తే, ఎఫెక్టివ్ ఇండెక్స్ 2.4గా ఉన్నప్పుడు పక్కగోడ బయట సిలికాలో ఈ రెండు క్షేత్రాల నిష్పత్తి 0.8 వస్తుంది. పావు చక్రం తేడాతో దాదాపు సమానమైన రెండు క్షేత్రాలంటే అక్కడ ధ్రువణం ఇంచుమించు వృత్తాకారం. టీఈ అని పిలిచే సరళమైన మోడ్ పక్కనే వృత్తాకార ధ్రువణం ఉందన్నమాట. పైగా కాంతి ఎదురు దిశలో ప్రయాణిస్తే ఆ వృత్తం తిరిగే దిశ కూడా మారుతుంది.

ఇది కేవలం గణిత విశేషం కాదు. వియన్నాలోని ఆర్నో రౌషెన్‌బాయిటెల్ బృందం 2014లో, నానోఫైబర్ మీద ఒక బంగారు కణాన్ని ఉంచి, దాని మీద బయటి నుంచి వృత్తాకార ధ్రువణం గల కాంతిని ప్రసరింపజేసింది. ధ్రువణం తిరిగే దిశను బట్టి కాంతి ఫైబర్‌లో ఒక వైపుకో, రెండో వైపుకో వెళ్లింది. కోపెన్‌హేగన్ పరిశోధకులు 2015లో ఫోటానిక్ క్రిస్టల్ (క్రమబద్ధమైన రంధ్రాలున్న) వేవ్‌గైడ్‌లో క్వాంటమ్ డాట్ (అతిసూక్ష్మ అర్ధవాహక కణం) విడుదల చేసే ఫోటాన్లను ఇదే సూత్రంతో ఒకే దిశకు నడిపారు. అనునాదం గారు ధ్రువణాన్ని దారిగా మార్చుకోవాలన్నారు. ఇక్కడ ఆ పని ప్రత్యేక పరికరమేదీ లేకుండా, క్షేత్రం స్వభావం వల్లనే జరుగుతోంది.

కాంతిపథం (ప్రశ్న అడిగినవారు)

ముగ్గురికీ కృతజ్ఞతలు. అద్దాల వివరణ చదివాక రెండు మోడ్‌ల క్షేత్రాలను మళ్లీ గీసి చూశాను, 680 దగ్గర నిజంగానే రెండూ కలిసిపోయి ఉన్నాయి. ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. మా ఫౌండ్రీ చిప్ అంతటా సిలికా పైపొర వేసే ఇస్తుంది, తీయడానికి వీల్లేదు. అప్పుడు అడ్డ అద్దాన్ని పగలగొట్టేదెలా? రెండవది, ఫైబర్ నుంచి వచ్చే ధ్రువణం ఎలా ఉన్నా, కాంతి మొత్తాన్ని ఒకే టీఈ వేవ్‌గైడ్‌లోకి చేర్చే వీలుందా? విడదీసిన రెండు దారులకూ రెండు డిటెక్టర్లు పెట్టడం మా సర్క్యూట్‌కు కుదరదు.

జవాబు: సిలికాన్‌తీగ

మొదటి సందేహం తేలికగా తీరుతుంది. చాలా ఫౌండ్రీలలో సిలికాన్‌ను పూర్తిగా చెక్కే దశతో పాటు సగంలో ఆపే దశ కూడా ఉంటుంది. దానితో వేవ్‌గైడ్ రెండు పక్కలా పలుచని సిలికాన్ పలకను, ఉదాహరణకు 90 నానోమీటర్ల మందంతో, మిగల్చవచ్చు. పలక అడుగుభాగానే ఉంటుంది, పైన ఉండదు. పైకింది సౌష్ఠవం పోవడానికి అది చాలు. ఆ పలక వెడల్పు సున్నా నుంచి మొదలై పెరిగి, మళ్లీ తగ్గి మాయమయ్యేలా రెండంతస్తుల టేపర్ గీస్తారు. పలక అంచు మొదలయ్యే మొన ఎంత సన్నగా ఉండవచ్చో ఫౌండ్రీ నియమాలలో చూసుకోండి. మొద్దుబారిన మొన దగ్గర కొంత కాంతి చెదురుతుంది.

రెండో సందేహానికి అనునాదం గారు జవాబిస్తే బాగుంటుంది. టీఎంను ఎప్పుడూ వదిలించుకోవలసినదిగానే చూడకండని మాత్రం చెబుతాను. క్షేత్రం పైఉపరితలం మీద బలంగా ఉంటుంది కాబట్టి సెన్సర్లకు అది అనుకూలం. పక్కగోడల గరుకుదనం దాన్ని తక్కువగా బాధిస్తుంది. గార్నెట్ పొరను వేవ్‌గైడ్ మీద అతికించి చేసే ఐసొలేటర్లలో (కాంతిని ఒకే దిశలో పోనిచ్చే వాటిలో), ఎదురు దిశల మధ్య దశాభేదం టీఎంకే దక్కుతుంది కాబట్టి అక్కడ టీఈ నుంచి టీఎంకు కావాలనే తిప్పుతారు.

జవాబు: అనునాదం

వీలుంది. విడదీసిన తరువాత మీ దగ్గర రెండు టీఈ వేవ్‌గైడ్‌లు ఉంటాయి. ఫైబర్‌లోని ధ్రువణ స్థితి మొత్తం రెండు సంఖ్యలలోకి వచ్చేసింది: రెండు దారులలో కాంతి వాటాల నిష్పత్తి, వాటి మధ్య దశాభేదం. ఈ రెండు సంఖ్యలూ పోయాంకరే గోళం (ప్రతి ధ్రువణ స్థితినీ ఒక బిందువుగా చూపే ఊహా గోళం) మీద ఒక బిందువును నిర్ణయిస్తాయి. ధ్రువణ స్థితులను ఆ గోళం మీద నడిపించి, ఒక చుట్టు పూర్తిచేసి వచ్చిన కాంతికి అదనపు దశ అంటుకుంటుందని 1956లో చూపినవారు బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో పనిచేసిన ఎస్. పంచరత్నం. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు. ఆయన స్ఫటికాలతో చేసిన ఆలోచనే ఈనాడు చిప్ మీద హీటర్లను (వేడితో కాంతి దశను మార్చే వాటిని) ఎలా తిప్పాలో మనకు చెబుతోంది.

అమరిక ఇది. ముందుగా ఒక దారిపై హీటర్, ఆ తరువాత రెండు దారులనూ సగం సగంగా కలిపే కప్లర్, మళ్లీ ఒక హీటర్, మళ్లీ ఒక కప్లర్. మొదటి హీటర్‌తో రెండు దారుల దశాభేదాన్ని సున్నాకు తెస్తే, వాటాలు ఎలా ఉన్నా మొదటి కప్లర్ నుంచి రెండు వైపులా సమానమైన కాంతి వస్తుంది. వాటాలలో ఉండిన తేడా ఇప్పుడు దశాభేదంగా మారింది. రెండో హీటర్‌తో ఆ దశాభేదాన్ని 90 డిగ్రీలకు సరిచేస్తే రెండో కప్లర్ మొత్తం కాంతిని ఒకే ద్వారం నుంచి పంపుతుంది. రెండో ద్వారం దగ్గర చిన్న డిటెక్టర్ ఉంచి, అక్కడి కాంతి సున్నాకు చేరేదాకా హీటర్లను సవరించడమే నియంత్రణ పద్ధతి. గరిష్ఠాన్ని వెతకడం కన్నా సున్నాను వెతకడం ఎంతో సూక్ష్మంగా పనిచేస్తుంది.

సిలికాన్ వక్రీభవన గుణకం ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 0.00018 పెరుగుతుంది. 100 మైక్రాన్ల పొడవున్న హీటర్‌తో అర చక్రం దశ రావాలంటే ఉష్ణోగ్రత 43 డిగ్రీలు పెరగాలి. కాబట్టి రెండు హీటర్ల మధ్య తగినంత దూరం ఉంచండి, లేకపోతే ఒకదాన్ని తిప్పితే రెండోదీ కదులుతుంది. విడదీసిన చోటి నుంచి మొదటి కప్లర్ దాకా రెండు దారుల పొడవులూ సమానంగా ఉండాలి. 100 మైక్రాన్ల తేడా వస్తే సుమారు 1.4 పికోసెకన్ల ఆలస్యం ఏర్పడుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఒక తరంగదైర్ఘ్యానికి కుదిరిన హీటర్ అమరిక పక్క తరంగదైర్ఘ్యానికి కుదరదు.

ఈ రెండు హీటర్ల అమరికకు ఒక పరిమితి ఉంది. ఫైబర్‌లోని ధ్రువణం ఒకే దిశలో తిరుగుతూ పోతే, మొదటి హీటర్ కూడా వేడెక్కుతూ పోయి, ఎక్కడో ఒకచోట దాని హద్దును తాకుతుంది. అక్కడ దాన్ని ఒక పూర్తి చక్రం వెనక్కి తేవాలి, ఆ క్షణంలో సిగ్నల్ తెగుతుంది. ప్రయోగశాల బల్ల మీద ఇది ఇబ్బంది కాదు. పాతిన ఫైబర్ లైన్ చివర పెట్టే రిసీవర్‌కు మాత్రం అదనంగా ఇంకో హీటర్, కప్లర్ జత కలిపి, ఒకటి వెనక్కి వస్తున్నప్పుడు మిగిలినవి ఆ పని అందుకునేలా చేస్తారు.

మాస్క్ గీసే ముందు ఒక సూచన. విభాజకాన్ని ఒక్కటే గీసి వదలవద్దు. మీ లెక్కకు వచ్చిన వెడల్పుకు 20 నానోమీటర్లు తక్కువగా ఒకటి, ఎక్కువగా ఒకటి, మొత్తం మూడు గీయండి. కప్లర్‌లోని సన్నని వేవ్‌గైడ్‌ను కూడా అదే లెక్కలో మార్చండి, ఎందుకంటే తయారీలో వచ్చే వెడల్పు తేడాను టేపర్ ఓర్చుకుంటుంది గానీ కప్లర్ ఓర్చుకోదు. వీటి పక్కనే విభాజకం లేని నిటారు వేవ్‌గైడ్ ఒకటి, టీఎం దారిని సరిచూడటానికి మీ 20 మైక్రాన్ల రింగ్ ఒకటి ఉంచండి. నిటారు దానితో అంచు దగ్గరి నష్టాన్ని తీసివేయవచ్చు. విభాజకం నుంచి టీఎం దారిలో వచ్చిన కాంతిని ఆ రింగ్ గుండా పంపితే టీఈకి చెందిన 4.4 నానోమీటర్ల ఎడం కనిపించాలి, అది కనిపిస్తే ధ్రువణం నిజంగా తిరిగినట్టు. మీరు కొలిచిన రెండో వరుస ఎడమే గనక అక్కడ మళ్లీ కనిపిస్తే, టీఎం తిరగకుండానే కప్లర్‌ను దాటి వచ్చిందని అర్థం. అప్పుడు ముందుగా అనుమానించవలసింది పలక చెక్కిన లోతును.